గులాబీ దారం ముడి

హజ్ నుంచి తిరిగి వచ్చిన ఈ రెండేళ్ళలో ఆ యాత్ర గురించి నేను చాలా చోట్ల మాట్లాడాను. మెట్‌పల్లిలో మా వాడ మసీదులో, బడిలో, పెళ్ళి విందుల్లో, కరీంనగర్ శిక్షణ తరగతుల్లో. మొన్నమొన్నటి దాకా ఎక్కడా చెప్పని సంగతి ఒకటి ఉంది. మక్కా దగ్గర మినాలో ఒక పెద్దామె తన తరఫున కొట్టమని నా చేతికిచ్చిన ఇరవై ఒక్క రాళ్ళలో ఏడు రాళ్ళు నేను కొట్టలేదు. కొట్టానని చెప్పాను. అనుమానం వచ్చి ఆమె అడిగితే, నలుగురి ముందూ ఆమెనే తిట్టాను.

ఇంకొకటి కూడా ఉంది. రాళ్ళు కొట్టే సరైన క్రమం గురించి నేను మాట్లాడిన రెండు నిమిషాల వీడియో మా వైపు ఫోన్లలో ఇంకా తిరుగుతోంది. అందులో చెప్పిన క్రమంలో తప్పు లేదు. తప్పు చెప్పినవాడిలో ఉంది. హజ్‌కు వెళ్ళనివాళ్ళకు కూడా తెలిసేలా మొదటి నుంచి రాస్తాను.

కరీంనగర్

నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే మాస్టరును. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ కలిసే నడుస్తాయి. హజ్‌కు వెళ్ళేవాళ్ళకు కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో శిక్షణ పెడతారు. చెప్పే మౌలానాలది బరువైన ఉర్దూ. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అర్థం కాకపోయినా తలలు ఊపుతూ కూర్చుంటారు. ఆ ఏడు నా పేరు కూడా జాబితాలో వచ్చింది కాబట్టి, వాళ్ళకు తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయి ఉండటంతో నేను ఒక్కడినే బయలుదేరుతున్నాను.

మూడు పెయింటు డబ్బాలు తెచ్చి వరసగా పెట్టాను. ఇబ్రాహీం ప్రవక్త దైవాజ్ఞ మీద కొడుకును బలివ్వడానికి తీసుకుపోతుంటే సైతాను మూడు చోట్ల అడ్డుపడ్డాడనీ, ఆయన రాళ్ళతో కొట్టి తరిమాడనీ, ఆ మూడు చోట్లనే అరబ్బీలో జమరాత్ అంటారనీ చెప్పాను. మా ఇళ్ళల్లో పిల్లల్ని పిలిచినట్టే వాటికి చిన్నది, నడిపిది, పెద్దది అని పేర్లు పెట్టాను. హజ్ నెల పదో రోజు పెద్దదాన్ని మాత్రమే కొట్టాలి, ఏడు రాళ్ళు, ఒక్కొక్కటిగా. పదకొండు, పన్నెండు రోజుల్లో మూడింటినీ కొట్టాలి. ముందు చిన్నది, తర్వాత నడిపిది, ఆఖరున పెద్దది. చిన్నదాని దగ్గరా నడిపిదాని దగ్గరా కొట్టాక పక్కకు జరిగి నిలబడి దువా, అంటే ప్రార్థన, చేసుకోవాలి. పెద్దదాని దగ్గర నిలబడకూడదు, కొట్టి నడిచిపోవాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఇది: ఒకటి తప్పిపోతే తప్పిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. చిన్నదాన్ని వదిలేసి మిగతా రెండూ కొట్టినవాడు, వెనక్కి వచ్చి చిన్నదాన్ని కొట్టి, ఆ రెండింటినీ కూడా మళ్ళీ కొట్టాలి. ఇందులో పండితుల మధ్య తేడాలు ఉన్నాయని నాకు తెలుసు. అవి చెబితే నా మాట పలచబడుతుందని చెప్పలేదు.

ముందు వరసలో జైనబీ కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఊరు ఖానాపూర్, భర్త పోయాడు, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. తోడుగా తమ్ముడు మహబూబ్ వచ్చాడు. అతను బోథ్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. జైనబీ చెయ్యెత్తి అడిగింది.

"సార్, ముందుగాల పెద్దోన్నే కొడితే చిన్నోళ్ళు వాళ్ళంతల వాళ్ళే ఉరుకుతరు గద?"

హాలంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. "ఆపా, నీ తెలివి ఇంటికాడ పెట్టి రా. చెప్పింది చెయ్యి, సాలు" అన్నాను, అక్క అనే పిలుస్తూ. హాలు ఇంకా ఎక్కువ నవ్వింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది.

తర్వాత కాగితం ఉండలతో అందరి చేతా ప్రాక్టీసు చేయించాను. మహబూబ్ తలుపు వైపు నుంచి వచ్చి, దగ్గరగా ఉన్న పెద్ద డబ్బాను ముందు కొట్టాడు. మళ్ళీ చేయించాను. మళ్ళీ తప్పాడు. అందరూ చూస్తుండగా మూడుసార్లు తిప్పాను. "మోటార్‌ల వందల సుట్లు తిప్పుత సార్, ఒక్కటి తప్పది. గీ మూడు డబ్బల కాడ పరేషాన్ అయితున్న" అన్నాడు చెమట తుడుచుకుంటూ. నేను నవ్వలేదు. ఇతని చేతిలో పెడితే ఏ పనీ సరిగా కాదని ఆ రోజే ముద్ర వేసేశాను.

హజ్‌కు పోయేవాళ్ళు బయలుదేరే ముందు అందరి దగ్గరికీ వెళ్ళి "కహా సునా మాఫ్" అని అడగడం మా ఆచారం. అన్నదీ విన్నదీ క్షమించండి అని. నేను పెళ్ళి కార్డులు పంచినట్టు ఒక్క రోజులో ముగించాను. జైనబీకి నెల పట్టింది. ఏళ్ళ తరబడి ఆమె బీడీలను పనికిరావని పక్కకు తీసేసిన టేకేదారు ఇంటికి కూడా వెళ్ళి అడిగి వచ్చిందట. "ఆయన కదా నిన్ను అడగాల్సింది" అన్నాను. "ఆయన అడుగుతడని కూసుంటే నా విమానం పోతది సార్" అంది.

మక్కా, అజీజియా

మక్కాలో మమ్మల్ని అజీజియా అనే పేటలో దింపారు. ఆడవాళ్ళకు ఒక గది, మగవాళ్ళకు ఒక గది, అంతస్తుకొక వంటిల్లు. ఆ వంటింట్లో దేశమంతా కలుస్తుంది. కేరళవాళ్ళ కొబ్బరి వాసన, బిహారువాళ్ళ ఆవనూనె, మధ్యలో జైనబీ తెచ్చిన మామిడికాయ తొక్కు. మహబూబ్ జొన్నపిండి మూట కట్టుకుని వచ్చాడు. బోథ్ వాళ్ళు మరాఠీలో లాగా భాకరి అంటారు, మేము జొన్నరొట్టె అంటాం. ఆ పేరు మీద అక్కాతమ్ముళ్ళు రోజూ వాదించుకుంటూ రోజూ నాకు రెండు పెట్టేవాళ్ళు. బయట చాయ్ రెండు రియాళ్ళు. మన రూపాయల్లోకి మార్చి చూసుకున్న రోజు జైనబీ చాయ్ మానేసింది.

కాబా ఉన్న హరం మసీదుకు పోయే దారిలో నల్లజాతి ఆడవాళ్ళు కాలిబాట మీద గుడ్డ పరిచి సంచులు, జపమాలలు అమ్ముతారు. పోలీసులు కనబడితే నాలుగు కొసలూ పట్టి మూటకట్టి క్షణంలో మాయమవుతారు. మన అంగట్లో మున్సిపాలిటీ బండి వచ్చినప్పటిలాగే. అలాంటి ఒకామెతో జైనబీ మెడకు వేసుకునే చిన్న గుడ్డసంచి బేరమాడింది. ఆమె పది వేళ్ళు చూపింది. ఈమె తెలుగులోనే మాట్లాడింది, "పది రియాళ్ళా, గిది కుట్టనీకె దారం బంగారపుదా బిడ్డా" అని. ఆమెకు ఏం అర్థమైందో గానీ పగలబడి నవ్వి అయిదుకు ఇచ్చింది. ఆ సంచే తర్వాత నా మెడలో పడింది.

ముజ్దలిఫా

తొమ్మిదో రోజు అరఫాత్ మైదానంలో గడిపి, రాత్రికి ముజ్దలిఫా చేరి, ఆరుబయట చాపల మీద పడుకున్నాం. రాళ్ళు ఏరుకునేది అక్కడే. తెల్లవారుజామున లేచేసరికి జైనబీ అప్పటికే ఏరుతోంది. శనగగింజంత ఉండాలని నేను చెప్పాను కదా, ఆమె ప్రతి రాయినీ బొటనవేలి కింద దొర్లించి చూసి, కొంచెం పెద్దదైనా పారేసేది. కళ్ళు ఎటో ఉండేవి, వేళ్ళు లెక్కపెట్టేవి. కట్టకు ఇరవై అయిదు బీడీలు చూడకుండా లెక్కపెట్టే చేతులు అవి.

కొంగులోంచి పాత రుమాలు తీసి మూడు ముక్కలుగా చింపింది. అది ఆమె భర్తది. బస్టాండు దగ్గర చాయ్ బండి నడిపి, హజ్‌కు పోవాలని అంటూ అంటూనే పోయిన మనిషి. పదకొండో రోజు కోసం ఒక్కో ముక్కలో ఏడు రాళ్ళు పెట్టి, వెంట తెచ్చుకున్న బీడీ దారాలతో ముడి వేసింది. మూడు రంగులు.

"గులాబీది చిన్నదానికి, పచ్చది నడిపిదానికి, నల్లది పెద్దదానికి. నాకు సదువు రాదు సార్, రంగు తెలుస్తది" అంది. పన్నెండో రోజు రాళ్ళకు కూడా అవే ముక్కలు వాడుకుంటానంది. ఇంత పద్ధతిగా నా శిక్షణలో ఎవరూ చేయలేదు. బాగుందని మాత్రం నేను అనలేదు.

మినా

పదో రోజు మినా గుడారాలకు చేరాక పెద్దదాన్ని కొట్టడం సవ్యంగానే అయింది. అయితే ఆ నడకకు జైనబీ మడమలు పగిలి నెత్తురు వచ్చింది. మరునాటికి జ్వరం. మహబూబ్ ఆమెను గుడారాల పక్కన ఉన్న ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. మధ్యాహ్నం తర్వాత రాళ్ళు కొట్టాలి. నడవలేనివాళ్ళ తరఫున ఇంకొకరు కొట్టవచ్చు, ముందు తమవి కొట్టుకుని తర్వాత వాళ్ళవి.

"ఆపాకు సూది ఇప్పిచ్చి, పొద్దుగూకినంక నేను పోత సార్. నావి, ఆమెవి నేనే కొట్టుకొస్త" అన్నాడు మహబూబ్.

"నువ్వా? మూడు డబ్బల కాడనే ఆగమైనోనివి. ఇటు తే, నేను పోతున్న గద" అన్నాను.

అతను అక్క వైపు చూశాడు. జైనబీ తన మెడలోని సంచి తీసి నా మెడలో వేసింది. "సార్ చేతుల పడ్డదంటే నాకు ఫికర్ లేదు" అంది. ఆ మాట ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు వినబడిందో చెప్పలేను.

జమరాత్

ఇప్పుడు అక్కడ స్తంభాలు లేవు. పొడవాటి గోడలు, వాటి చుట్టూ రాళ్ళు పడే పెద్ద గిన్నెల్లాంటి కట్టడాలు, అంతస్తుల మీద అంతస్తులుగా వంతెన. జనం ఒకే వైపు పోవాలి. వెనక్కి తిరగనివ్వరు. వేల గొంతులు ఒకేసారి అల్లాహు అక్బర్ అంటుంటే ఛాతీలో అదురుతుంది. నా పక్కన ఒక ముసలాయన ప్రతి రాయికీ ఏడుస్తున్నాడు. ఇంకొకతను కోపం పట్టలేక చెప్పు తీశాడు, అతని భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

చిన్నదాని దగ్గర నా ఏడు రాళ్ళు కొట్టాను. పక్కకు జరిగాను. జైనబీ సంచి విప్పాలి. సరిగ్గా అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కరీంనగర్‌లో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ ఒక వాట్సాప్ గుంపులో ఉన్నారు. వాళ్ళకు ఇక్కడి నుంచే చెబితే ఎలా ఉంటుంది? ఫోను తీసి, నా ముఖమూ వెనకాల గోడా పడేలా పట్టుకుని మొదలుపెట్టాను. "ఇది చిన్నది. ఎప్పుడైనా ముందు ఇదే. దీన్ని వదిలి ముందుకు పోతే మిగతావి లెక్కకు రావు." ఇంకా చెబుతూనే ఉన్నాను, వెనక నుంచి ఒక గుంపు వచ్చి తోసింది. మాట్లాడుతూనే నడిచాను. వీడియోలో ఆ కుదుపు కూడా కనబడుతుంది. నడిపిదాని దగ్గరకు చేరేసరికి చెప్పడం ముగిసింది, పంపించేశాను.

నడిపిదాని దగ్గర నావి కొట్టి, పచ్చ ముడి విప్పి ఆమెవి కొట్టాను. పెద్దదాని దగ్గర నావి, తర్వాత నల్ల ముడి. చేతికి ఏ ముడి తగిలిందో చూస్తూనే ఉన్నాను. ఇంకొకటి మిగిలిందని మాత్రం తోచలేదు. ఫోను జేబులో టకటకమంటోంది. మాషాఅల్లా సార్, మాషాఅల్లా సార్ అని మెట్‌పల్లి నుంచీ జగిత్యాల నుంచీ వస్తున్నాయి.

దిగువన, బయటికి పోయే చోట

వంతెన దిగి నీళ్ళు తాగడానికి కూర్చుని సంచిలో చెయ్యి పెట్టాను. గులాబీ ముడి.

ఏం చేయాలో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ రోజు అక్కడ ఎవడూ లేడేమో. మినా వైపు చుట్టూ నడిచి మళ్ళీ వంతెన ఎక్కాలి. ఈ ఏడూ కొట్టి ఊరుకుంటే చాలదు, నేను బోధించిన క్రమం ప్రకారం నడిపిదాన్నీ పెద్దదాన్నీ మళ్ళీ కొట్టాలి, అందుకు ఇంకో పద్నాలుగు రాళ్ళు ఏరుకోవాలి. ఎండ మండుతోంది. కాళ్ళు బరువెక్కాయి. ఇవన్నీ సాకులు. సాయంత్రమూ ఉంది, రాత్రీ ఉంది. గుడారానికి పోయి, మహబూబ్ భాయ్, పొరపాటైంది, నీతో పాటు ఇవి కూడా తీసుకుపో అంటే అతను సంతోషంగా తీసుకుపోయేవాడు. కానీ ఆ మాట అతనితో అనాలి. మూడు డబ్బాల చుట్టూ తిప్పిన మనిషితో.

పక్కన చెత్త డబ్బా ఉంది. ముడిని అందులో వేశాను.

"మిగిలినయా సార్?" అని తెలుగులో వినబడి ఉలిక్కిపడ్డాను. ఊడ్చే కర్ర పట్టుకుని పచ్చ బట్టల్లో ఒకతను నిలబడ్డాడు. పైన ఊడుస్తున్నప్పుడు నేను ఫోనులో మాట్లాడింది విన్నాడట. ఊరు కోరుట్ల వైపు, వచ్చి ఆరేళ్ళయిందట. ఆ, మిగిలినయి అన్నాను. శానామంది గిట్లనే మిగిలినయి పారేస్తరు అని నవ్వాడు. మాది మెట్‌పల్లి అని చెప్పగానే, మనోళ్ళు సార్ మీరు అంటూ పరుగెత్తిపోయి చాయ్ తెచ్చాడు. ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. తన కోసం దువా చేయమన్నాడు. చేస్తానని ఆ చాయ్ తాగాను.

మళ్ళీ మినా

గుడారంలో అందరూ వీడియో చూసేశారు. మెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ళకూ మాకూ మధ్య ఒక తెర. సూది వేయించుకుని వచ్చిన జైనబీ తెర పక్కకు వచ్చి, రేపటి రాళ్ళకు గుడ్డలు కావాలని అడిగింది. సంచి ఇచ్చాను. ఆమె తీసి చూసి రెండు ముక్కలు బయట పెట్టింది.

"గులాబీ దారంది ఏది సార్?"

గాలికి ఎగిరిపోయిందన్నాను.

ఆమె ఆ రెండు ముక్కలనూ మడిచి కొంగులో దోపుకుంది. గొంతు తగ్గించే అడిగింది. "ఉత్త గుడ్డ పోయిందా సార్, రాళ్ళతోనే పోయిందా?"

ఎవరికీ తోచని ప్రశ్న అది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి వాకిలి నాకు ఎవరూ తెరవరు. నేను లేచి నిలబడి, గుడారమంతా వినేలా అన్నాను: "నేను అబద్ధం చెప్తున్ననా? హజ్ కాడ కూడ బీడీల టేకేదార్ లెక్క లెక్కలు అడుగుతవా? సైతాన్‌ను కొట్టుమంటే వాన్నే నెత్తిన ఎక్కిచ్చుకున్నవ్."

ఎవరో నవ్వారు. మహబూబ్‌కు తల కొట్టేసినట్టయింది. సార్ ఎండల పోయి కొట్టొస్తే గిట్లనా అడుగుడు అని అక్క మీద కసిరాడు. జైనబీ నా ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. "తప్పైంది సార్. కహా సునా మాఫ్ చెయ్యిండ్రి" అంది. చేశానన్నట్టు తల ఊపాను.

మరునాడు ఆమె తమ్ముడి భుజం పట్టుకుని కుంటుతూ తానే వచ్చింది. చిన్నదాని దగ్గర ఏడు రాళ్ళు కొట్టి ఆగింది. మరో పిడికిట్లో ఇంకా రాళ్ళున్నాయి. నిన్నటివి కూడా కొట్టనా అని మహబూబ్‌ను అడిగింది. అతను నా వైపు చూశాడు. రెండడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడైనా అన్నీ సరిదిద్దుకోవచ్చు, నేను కొట్టమంటే చాలు. "ఏడుకు ఏడే ఆపా. ఎక్కువ కొట్టద్దు" అన్నాను. ఆమె పిడికిలి విప్పి రాళ్ళు కింద వదిలేసింది.

ఖానాపూర్

ఊరికి వచ్చాక నన్ను హాజీ సార్ అన్నారు. అలవాటైంది. శిక్షణకు ప్రతి ఏడూ పిలుస్తున్నారు. ఒక ముఫ్తీ సాహెబును నా సంగతి కానట్టు అడిగాను. మేము పాటించే మజ్‌హబ్, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయం ప్రకారం, ఒక రోజు వాటిలో అలా తప్పిన ఒక్కో రాయికి రంజాన్ ఫిత్రాకిచ్చేంత గోధుమలు పేదలకు దానం చేస్తే తీరుతుందన్నారు. అయితే ఎవరి తరఫున తప్పిందో ఆ మనిషికి చెప్పాలి కదా అన్నారు. ఇంత చిన్న పరిహారం. ఆమెకు తెలిస్తే కదా ఇచ్చుకునేది.

ఈ ఏడు శిక్షణలో నా వీడియోను తెర మీద పెద్దగా వేశారు. ఖానాపూర్ నుంచి వచ్చిన ఒకామె చూసి, గీ సార్ జైనబీతోని పోయిన సారే గదా అంది. జైనబీ ఎలా ఉందని అడిగాను. హజ్ చేసొచ్చింది కదాని ఎవరు హజ్జన్ అని పిలిచినా పలకదట. నా హజ్ అయిందో కాలేదో అల్లాకే ఎరుక అంటుందట. బీడీలు చుట్టేకాడ ఆడవాళ్ళు ఆమెను ఎగతాళి చేస్తారట, మక్క దాక పోయి అనుమానం కొనుక్కొచ్చుకుందని. తమ్ముడు కూడా సరిగా మాట్లాడడట, సార్‌ను అవమానం చేసిందని.

మరునాడు మెట్‌పల్లిలో బస్సెక్కి గోదావరి దాటాను. జైనబీ వాకిట్లో ఒక్కతే కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను నిలబడే ఉండి చెప్పేశాను. ముడి సంగతి, చెత్త డబ్బా సంగతి, గోధుమల సంగతి. ఆమె చేతులు ఆగలేదు. కట్ట పూర్తిచేసి, దారం చుట్టి, పక్కన పెట్టి అప్పుడు నా వైపు చూసింది.

"ఎవ్వలు లేనప్పుడు వచ్చి చెప్తున్నవ్ సార్. అన్ననాడు గుడారం నిండ మందున్నరు."

మాఫ్ చేయమన్నాను.

"తప్పినకాడికెల్లి మళ్ల మొదలు వెట్టాలె అని నువ్వే చెప్తివి గద. ముందుగాల మహబూబ్ కాడికి పో. వాడు చిన్నోడు. తర్వాత గా కరీంనగర్ల డబ్బల కాడ చెప్పు. ఆఖరికి నా కాడికి రా."

"మరి ఇప్పుడు చెప్పింది?"

"గిది నేను ఇనలే" అని ఇంకో ఆకు అందుకుంది.

బోథ్

మహబూబ్ దుకాణం సందులో ఉంటుంది. లోపల విప్పిన మోటార్లు, రాగి తీగల చుట్టలు, కాలిన వార్నిష్ వాసన. నన్ను చూసి సంబరంగా లేచి, చాయ్‌కి చెప్పి, స్టూలు తుడిచాడు. చాయ్ వచ్చేలోగా చెప్పేశాను. అతను నా వైపు చూడకుండా రాగి తీగల చుట్టను దగ్గరికి లాక్కున్నాడు.

"గా దినం పొద్దుగూకినంక నేను పోయిన సార్. ఏం మంది లేరు. అక్క రాళ్ళు నా జేబుల ఉంటే అయిపోతుండె" అన్నాడు. తర్వాత అన్నాడు, "అవ్వ పోయినంక నన్ను పెంచింది ఆమెనే. రెండేండ్ల సంది ఆమె ఇంట్ల నేను భాకరి తినలే."

చాయ్ వచ్చింది. నాకిచ్చాడు, తాను తాగలేదు. మాఫ్ చేస్తావా అని అడిగాను. తీగ కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు.

"నన్ను మూడు మాట్ల తిప్పినవ్ గదా డబ్బల సుట్టు. చిన్నది అయింది, పో సార్. పోయి నడిపిదాన్ని కొట్టు."

కరీంనగర్ మళ్ళీ

తర్వాతి ఆదివారం హాలులో వీడియో వేయబోతుంటే ఆపమన్నాను. అవే డబ్బాల పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. జైనబీ పేరు, మహబూబ్ పేరు చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న ఆమె అడిగినట్టే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలాయన లేచి, ఇగ మేము ఎవలను నమ్మాలె అని అడిగాడు. నిర్వాహకులు నన్ను పక్కకు పిలిచి, ఇంటి విషయాలు ఇక్కడెందుకన్నారు. వచ్చే ఏడు ఇబ్బంది పడి రానక్కరలేదన్నారు. వీడియో తీసేయమని గుంపులో రాశాను. కొందరు తీసేశారు. చేరినచోటల్లా తీయించడం నా చేతుల్లో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఖానాపూర్ మళ్ళీ

ఈసారి వాకిట్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. జైనబీయే పిలిపించినట్టుంది. మహబూబ్ కూడా వచ్చాడు, గడప మీద కూర్చుని పళ్ళెంలో రొట్టె తింటున్నాడు. గోధుమలు నేను తెస్తానంటే జైనబీ ముందే ఫోనులో వద్దంది. ఏడు రాళ్ళకు ఏడు పొట్లాలు తనే కట్టి గోడవార పెట్టుకుంది. ప్రతి పొట్లానికీ గులాబీ దారం.

చెప్పులు విడిచి ఆమె ముందు నిలబడ్డాను. తెలుగు మాస్టరును, మాటలు ముందే కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఆపా, గులాబీ ముడి నేను ఇప్పలే. రాళ్ళతోనే చెత్త డబ్బల ఏసిన. గుడ్డ నీ ఇంటాయనదని తెలిసే ఏసిన. నువ్వు అడిగింది నిజం, నేను అన్నది అబద్ధం. నీ హజ్‌ల ఏం తప్పు లేదు, తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."

ఆడవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె ఏదో అంటుందని నేను అలాగే నిలబడి ఉన్నాను. జైనబీ తల ఎత్తలేదు. ఆకు మడిచి, తంబాకు పోసి, చుట్టి, కొస నొక్కింది.

"పెద్దదాని కాడ నిలవడద్దు సార్" అంది. "కొట్టినవ్ గద, ఇగ నడువు."